అలక కాదు

పల్లెపాలెంలో మగవాడు దీపం పెట్టే ఇల్లు శోభనాద్రిది ఒక్కటే. పడవ పని ముగించుకొచ్చి, కాళ్లు కడుక్కుని, గోడకున్న గంగమ్మ పటం ముందు ప్రమిదలో నూనె పోసి అగ్గిపుల్ల గీసేవాడు. అతని భార్య బుల్లెమ్మ ఆ వేళకు వాకిట్లో ఎండుచేపలు ఎత్తుకుంటూనో, పొయ్యి దగ్గర కూర్చునో ఉండేది. దీపం వెలిగాక "కూడెట్టు" అనేవాడు. పెట్టేది. ఇరవై ఏళ్లుగా అదే వరస.

హంసలదీవికి దిగువన, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉంటుంది ఆ పాలెం. అందరూ వేటకు పోయేవాళ్లే. బుల్లెమ్మ గుడి ముందు నుంచి వెళ్తూ చెయ్యెత్తి మొక్కదని, గంగమ్మ సంబరంలో పసుపునీళ్ల బిందె ఎత్తదని, కొత్త పడవకు కొట్టిన కొబ్బరికాయ ముక్క తింటుంది గానీ కళ్లకద్దుకోదని అందరికీ తెలుసు. ఎవరూ తప్పు పట్టలేదు. "తల్లి మీద అలిగింది" అనుకునేవారు. అలక సొంతవాళ్ల మీదే గదా వచ్చేది. అమ్మవారి మీద అలిగిన మనిషంటే అమ్మవారికి దగ్గరి మనిషనే వాళ్ల లెక్క. అందుకే ఎవరింట్లో పురుడైనా, ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా ముందు బుల్లెమ్మకే కబురొచ్చేది. "నీ అలక ఎప్పుడు తీరుద్దే?" అని తోటి ఆడవాళ్లు వేళాకోళమాడితే నవ్వి ఊరుకునేది.

ఆ అలకకు కారణమూ అందరికీ తెలుసు. డెబ్బై ఏడు తుఫాను నాడు శోభనాద్రి వలనూలు కోసం బందరు వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. గాలి ముదురుతుంటే, పిల్లలిద్దరినీ తీసుకుని ఎగువనున్న డాబా ఇంటికి పోదామంది బుల్లెమ్మ. అత్త ఒప్పుకోలేదు. "గుడి ఇటుకల కట్టడం. తల్లి కాళ్ల దగ్గరుంటే తల్లే చూసుకుంటది" అంది. పాలెంలో సగం మంది అక్కడికే చేరారు. పొద్దుగూకే వేళకు సముద్రం లేచి వచ్చింది. గుడి గోడల్లో ఒకటి మిగిలింది. బుల్లెమ్మ ముళ్లకంపల్లో చిక్కుకుని బతికింది. ఆరేళ్ల కోటేశ్వరి శవమై దొరికింది. నాలుగేళ్ల చిన్నది చంటి, అత్త దొరకనే లేదు. ఆ తర్వాత బుల్లెమ్మకు మళ్లీ కడుపు పండలేదు.

తర్వాత గవర్నమెంటు వాళ్లు తుఫాను కాలనీ కట్టారు. గుడి ఊరివాళ్లే కట్టుకున్నారు, మునుపటి కంటే పెద్దది. శోభనాద్రి ఇటుకలు మోశాడు. ఆ రోజుల్లో ఒకసారి, "తల్లే నన్ను బందరు పంపి బతికించింది" అన్నాడు. "మరి పిల్లల్ని?" అంది బుల్లెమ్మ. అతను అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. ఆ మాట ఆమె మళ్లీ అడగలేదు, అతనూ మళ్లీ అనలేదు.

కానీ బుల్లెమ్మ అలగలేదు. ఆ సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. కంపలో వేలాడుతూ గంగమ్మను గొంతు పోయేదాకా పిలిచింది. ఒక ఇంటి తలుపు అదే పనిగా కొడుతుంటే, లోపల మనుషులున్నారో లేరో కాసేపటికి మన చేతికే తెలుస్తుంది. అలా ఆమెకు తెలిసింది, అవతల వినేవాళ్లు లేరని. కోపం రాలేదు. కోపం రావాలంటే అవతల ఎవరో ఒకరు ఉండాలి గదా. ఎవరూ లేరు. నీళ్లున్నాయి, గాలి ఉంది. ఇది చెప్పడానికి ఆమెకు మాట దొరకలేదు. ఊరు అలక అనుకుంటే అనుకోనిచ్చింది. ఆ మాట చాటున అందరి మధ్యా ఉంటూనే, ఇరవై ఏళ్లు ఒక్కతే గడిపింది.

తొంభై ఏడులో, తుఫానొచ్చి ఇరవై ఏళ్లవుతుందనగా, గుడివాడ కాలేజీలో చరిత్ర చెప్పే మాధవీలత పాలెం వచ్చింది. నలభై దాటిన మనిషి. చేతిలో టేప్ రికార్డరు, భుజానికి గుడ్డసంచి. నుదుట బొట్టు లేకపోతే కిరస్తానీ అమ్మాయేమో అనుకుంది బుల్లెమ్మ. ఆమె ఇంటింటికీ తిరిగి, బతికి బయటపడ్డ వాళ్ల మాటలు రికార్డు చేసుకుంటూ ఈ ఇంటికీ వచ్చింది.

బుల్లెమ్మ చెప్పాల్సిందంతా చెప్పింది. చివర్లో మాధవీలత, "మీరు అమ్మవారి మీద అలిగారటండీ, ఊళ్లో చెప్పారు" అంది.

ఆ రోజు ఎందుకో, పరాయి మనిషి గనకనో, తనను "మీరు" అన్న మనిషి గనకనో, బుల్లెమ్మ నోటి వెంట నిజం వచ్చేసింది.

"అలగలేదమ్మా. ఎవరి మీద అలుగుతాను? లేదుగా."

"ఏది లేదు?"

"తల్లి. ఎవరూ లేరమ్మా అక్కడ. ఆ రోజే తెలిసింది."

మాధవీలత టేప్ రికార్డరు ఆపేసింది. తర్వాత మెల్లిగా, "నేనూ అలాగే అనుకుంటానండి" అంది.

బుల్లెమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "మీరూ తుఫానులో పడ్డారా?"

"లేదండి. చదివి, ఆలోచించి అనుకున్నాను. నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు. నాస్తికులంటారు మమ్మల్ని."

"దానికి పేరు కూడా ఉందా?"

"ఉంది. చాలా పాత పేరు."

బుల్లెమ్మ ఆ పేరు పైకి అని చూసుకుంది. తెలియని తీగేదో చేతికి తగిలినట్టయింది. పేరుందంటే తనకు ముందు ఇంకెవరికో ఇది తెలిసుండాలి. ఆ సాయంత్రం శోభనాద్రి దీపం వెలిగిస్తుంటే ఆమెకు చెప్పాలనిపించింది. ఏమని చెప్పాలో తెలియక కూర కలియబెడుతూ కూర్చుంది.

నవంబరులో గుడివాడలో మీటింగు పెట్టారు మాధవీలత సంఘం వాళ్లు. తుఫానులో పోయినవాళ్లను తలుచుకోవడానికని పిలిస్తే బుల్లెమ్మ ఒప్పుకుంది. అవనిగడ్డ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి బందరుకి ఇంకొకటి. బందరులో రైలెక్కితే పెడన మీదుగా గుడివాడ. వరి కోతలకొచ్చి, కిటికీ పక్కనంతా పండిన చేలే. చీరలూ పంచెలూ మూటలు కట్టుకుని పెడనలో ఎక్కినావిడ ఎదురుగా కూర్చుని, "ఎక్కడికి, పెళ్లికా?" అని అడిగింది. "కాదు, మావాళ్లను చూడటానికి" అంది బుల్లెమ్మ. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది.

హాలు చిన్నదే. జనం నిండుగానే ఉన్నారు. టీచర్లు, లాయర్లు, బ్యాంకు వాళ్లు. బుల్లెమ్మను మైకు ముందు నిలబెట్టారు. గుడిలోకి వెళ్లినప్పటి నుంచి కంపలో తేలేదాకా జరిగింది చెప్పి, "పిలిచానండి. ఎవరూ లేరు. ఉంటే పలికేవాళ్లు" అని ఆపేసింది.

హాలంతా చప్పట్లు కొట్టింది.

ఎందుకు కొడుతున్నారో ఆమెకు అర్థం కాలేదు. తన కూతుళ్లు మునిగిపోయిన మాట చెప్తే ఎవరైనా ఏడవాలి, లేకపోతే నోరు మూసుకు కూర్చోవాలి. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. కొందరి కళ్లలో నీళ్లున్నాయి కూడా. ఆమె బాగా చెప్పిందని చప్పట్లు కొట్టారు. అయినా బుల్లెమ్మకు చలిగా అనిపించి కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. దిగేటప్పుడు ఒక పేపరు కుర్రాడు అడ్డొచ్చి, "మీరు నాస్తికురాలేనాండీ?" అని అడిగాడు. "అవునండి" అంది. ఫొటో తీసుకున్నాడు.

మధ్యాహ్నం మాధవీలత తన ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టింది. రెండు గదుల అద్దె ఇల్లు. పుస్తకాలు, ఒక మంచం, ఒక కుర్చీ. రెండో కుర్చీ పక్కింటి నుంచి తెచ్చింది.

"ఇంట్లో ఇంకెవరూ లేరా అమ్మా?"

"లేరండి. అమ్మ ఉండేది. నాలుగేళ్లయింది పోయి. కర్మల్లో నేను కూర్చోనన్నానని అన్నయ్యలు మాట్లాడటం మానేశారు."

"మీటింగుకొచ్చినోళ్లంతా వస్తూ ఉంటారా?"

"మీటింగులప్పుడు కలుస్తాం."

"మీటింగు లేనప్పుడో?"

మాధవీలత బుల్లెమ్మ విస్తట్లో మరో గరిటె పప్పు వేసింది. బుల్లెమ్మ ఇక అడగలేదు. తన ప్రశ్నకు జవాబు ఆ ఇల్లే చెప్తోంది. రైలు స్టేషన్లో ఇద్దరూ పక్కపక్కన బల్ల మీద కూర్చున్నారు. రైలొచ్చేదాకా మాధవీలత ఆమె చెయ్యి పట్టుకునే ఉంది.

ఫొటో పేపర్లో జిల్లా పేజీలో వచ్చింది. టీకొట్టు దగ్గర ఎవరో పైకి చదివారు. కింద పెద్దక్షరాల్లో, గంగమ్మ లేదన్న జాలరి మహిళ అని ఉంది. రెండోసారి చదవమన్నారు. చదివాక, ఎప్పుడూ ఏదో ఒక వాగుడు వినపడే కొట్టు దగ్గర జనం గ్లాసులు కిందపెట్టి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారని శోభనాద్రే వచ్చి చెప్పాడు.

"అన్నావా ఆ మాట?" అని అడిగాడు.

"అన్నాను."

అతను దీపం పెట్టడానికి లేచాడు. అగ్గిపుల్లలు రెండు మూడు విరిగిపోయాయి.

మర్నాడు పొద్దున వీరాంజనేయులు వచ్చాడు. పాలెం పెద్ద. డెబ్బై దాటినా నిటారుగా నడుస్తాడు. అతని భార్య, ఇద్దరు కొడుకులు, కోడలు, నలుగురూ ఆ రోజు ఆ గుడిలోనే పోయారు. తిట్టడానికి వచ్చి ఉంటే బుల్లెమ్మకు తేలికగా ఉండేది. ఆయన అరుగు మీద కూర్చుని మంచినీళ్లడిగాడు. తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"నేనూ ఏడాది పాటు గుడి వంక చూడలేదే అమ్మాయ్. ఎవరికీ తెలియదు. మొక్కుతున్నట్టు చేతులెత్తేవాణ్ణి, లోపల తల్లిని తిట్టేవాణ్ణి. తర్వాత్తర్వాత సర్దుకున్నా. నీకు ఇరవై ఏళ్లు పట్టింది. పట్టుద్ది. ఆడదానివి, కన్నదానివి."

బుల్లెమ్మ గుంజకు ఆనుకుని నిలబడింది. శోభనాద్రి లోపల్నుంచి వింటున్నాడు.

"ఆ గుడివాడోళ్లు ఏదో అనిపించారు, నువ్వేదో అన్నావు. వచ్చే నెల సంబరం. నలుగురి ముందూ ఒక్క మాటను. తల్లి మీద అలిగాను, ఆ ఉక్రోషంలో అన్నాను అను. గుళ్లోకి రావద్దు, మొక్కొద్దు. అలిగానని అంటే చాలు. ఎవడూ నిన్ను వేలెత్తి చూపకుండా నేను చూసుకుంటా."

ఆ మాట అంటే చాలు, ఊరు తనకు మునుపటిలాగే ఉంటుందని బుల్లెమ్మకు తెలుసు. సగం అబద్ధం కూడా కాదు. ఇరవై ఏళ్లు ఆ మాట కిందే బతికింది. ఎదురుగా కూర్చున్న ముసలాయన తన కడుపులో దాచుకున్నది మొదటిసారి బయటపెట్టి మరీ అడుగుతున్నాడు. అందుకే ఆమెకు ఆ మాట నోట రాలేదు. ఇంకెవరైనా అడిగితే అని ఉండేదేమో.

"అలగలేదు పెద్దయ్యా" అంది. "అలిగితే మీలాగే ఎప్పుడో తీరిపోయేది. లేదని తెలిసింది. అంతే. మీతో అబద్ధమాడలేను."

ఆయన ఖాళీ గ్లాసు పక్కకు జరిపాడు.

"అయితే ఆ రోజు గుళ్లో మనోళ్లు పెట్టిన కేకలు ఎవరూ వినలేదంటావు."

"వినలేదు పెద్దయ్యా. నేను విన్నా."

ముసలాయన చేతికర్ర తీసుకుని లేచాడు. అరుగు దిగుతూ తూలితే బుల్లెమ్మ పట్టుకోబోయింది. వద్దన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

ఊళ్లో ఎవరూ వెలి వెయ్యలేదు. కట్టుబాటు ఏదీ పెట్టలేదు. బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే ఎవరూ తియ్యలేదు. కాకపోతే ఆమె వెళ్లేసరికి మాటలు ఆగిపోయేవి. పక్క వీధిలో ఒక పిల్ల పురిటినొప్పులు పడుతుంటే బుల్లెమ్మ చీర మార్చుకుని కూర్చుంది, పిలుస్తారని. ఆమె వాకిలి ముందు నుంచే వెళ్లి అవతలి పాలెం నుంచి ఇంకొకామెను తెచ్చుకున్నారు. గోడ ఇవతల నుంచి ఏడుపు విని, మగపిల్లాడని ఎవరో అంటుంటే తెలుసుకుంది.

సత్యవతితో ఉన్న చెలిమీ అలాగే పోయింది. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే బస్సులో ఎండుచేపల గంపలతో అవనిగడ్డ వెళ్లేవారు. ఒకరి గంప ఒకరు ఎత్తేవారు. సంతలో పక్కపక్కనే కూర్చునేవారు. ఇప్పుడు సత్యవతి ముందు బస్సుకే వెళ్లిపోతోంది. ఒక రోజు బుల్లెమ్మ చీకటితోనే వెళ్లి బస్సు దగ్గర పట్టుకుంది.

"నా మీద కోపమొచ్చిందా?"

"కోపం కాదే" అంది సత్యవతి. ఆమె కూడా ఆ తుఫానులో కొడుకును పోగొట్టుకున్న మనిషే. "నీ పక్కన కూర్చోలేకపోతున్నా. నన్నొదిలెయ్."

బస్సు వచ్చింది. సత్యవతి గంప కండక్టరు ఎత్తిపెట్టాడు. బుల్లెమ్మ ఆ బస్సు ఎక్కకుండా రోడ్డు మీదే నిలబడిపోయింది.

డిసెంబరులో మాధవీలత మళ్లీ వచ్చింది. ఎవరి నోటో విని కంగారుపడి వచ్చింది. "నా వల్లే ఇదంతా. కలెక్టరు గారికి చెప్దాం, పేపర్లో రాయిద్దాం" అంది.

"ఏమని రాస్తారమ్మా? నాతో మాట్లాడటం లేదని రాస్తారా? మాట్లాడమని కలెక్టరు చెప్తే మాట్లాడతారా?"

"పోనీ మా ఊరు వచ్చెయ్యండి. నా దగ్గరుండండి."

ఆ పిలుపు ఉత్తుత్తిది కాదని బుల్లెమ్మకు తెలుసు. ఆ రెండు గదులు కళ్లముందు మెదిలాయి. "నేనొస్తే ఈయన ఒక్కడైపోతాడు" అంది. "మీ వల్ల కాదమ్మా. మీరు పేరు చెప్పారు. నాది అని ఒప్పుకున్నది నేనే. అన్నాక నాకు కాస్త ఊపిరాడింది కూడా." మాధవీలత తలొంచుకుంది. వెళ్లేటప్పుడు బుల్లెమ్మ ఆమె సంచిలో ఎండు రొయ్యలు పోసిచ్చింది.

సంబరం నాడు శోభనాద్రి ఒక్కడే వెళ్లాడు. భార్యాభర్తలు కలిసి బిందె పట్టుకుని మూడుసార్లు గుడి చుట్టూ తిరగాలి. ఇన్నేళ్లూ అలిగిన భార్య గల మనిషని నవ్వుతూ వదినలెవరో ఒకరు అతనికి తోడు పట్టేవారు. ఈసారి ఎవరూ రాలేదు. డప్పుల మోత ఇంట్లోకి వినిపిస్తూనే ఉంది. పొద్దువాలకముందే అతను తిరిగొచ్చాడు. తలంతా తడిసి ఉంది. బిందె నీళ్లు ఒక్కడే మోసుకుని తిరిగి మీద ఒంపుకున్నాడు. వాకిట్లో చతికిలబడ్డాడు.

బుల్లెమ్మ తువ్వాలు తెచ్చిచ్చింది. తుడుచుకోకుండా చేతిలో పట్టుకున్నాడు.

"ఒక మాట అడుగుతా చెప్పు" అన్నాడు. "పిల్లలు ఎక్కడున్నారనుకుంటన్నావు?"

ఇరవై ఏళ్లలో పిల్లల మాట అతను ఎత్తడం అదే మొదలు.

"నేను రోజూ దీపం పెట్టేది అందుకే. తల్లి దగ్గరున్నారు, చీకట్లో భయపడకుండా చూసుకుంటందని. నువ్వూ లోపల అట్టానే అనుకుంటన్నావనుకున్నా. పిల్లల్ని తీసుకుపోయిందని తల్లి మీద కోపం, అంతేననుకున్నా. ఇద్దరం ఒకటే అనుకుంటన్నాం గదా, ఒకరు దీపం పెడితే ఏం, ఒకరు పెట్టకపోతే ఏం అని..." అతను తువ్వాలు మెలితిప్పాడు. "చెప్పు. ఎక్కడున్నారు?"

సత్యవతి తన పక్కన ఎందుకు కూర్చోలేకపోయిందో, ముసలాయన అరుగు దగ్గర ఎందుకు తూలాడో బుల్లెమ్మకు అప్పుడు అర్థమైంది. తను లేదన్నది ఒక్క అమ్మవారిని కాదు. ఊళ్లో ప్రతి ఇంటి పిల్లల్నీ ఇంకోసారి నీళ్లలోకి తోసింది. అయినా అతను అడిగాడు. ఇన్నేళ్లకు అడిగాడు.

"ఎక్కడా లేరు మావా" అంది.

అతను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. అతను జరిగి చోటివ్వలేదు, లేచి వెళ్లనూ లేదు.

ఆ తర్వాత చాలా రోజులు వాళ్ల మధ్య కూడెట్టు, నీళ్లియ్యి అనే మాటలే నడిచాయి. దీపం మాత్రం మానలేదతను. వెలిగించాక మునుపటి కంటే ఎక్కువసేపు నిలబడేవాడు. వెనక పొయ్యి దగ్గర కూర్చుని ఆమె ఆ వీపు చూసేది. ఆ గదిలో అతనూ ఒక్కడే, తనూ ఒక్కతే. చెయ్యి చాస్తే అందేంత దూరమే.

ఎండలు ముదిరాక ఒక పొద్దున శోభనాద్రి చిరిగిన వల వాకిట్లో పరిచాడు. ఎప్పుడూ ఎవరో ఒక కుర్రవాణ్ణి అవతలి కొస పట్టుకోమనేవాడు. ఆ రోజు ఎవరినీ పిలవలేదు. ఇంటివైపు చూశాడు. బుల్లెమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి కొస బిగించి పట్టుకుంది. అతను తలెత్తకుండా వల కన్నూ కన్నూ కలిపి కడుతూ పోయాడు.

కొంతసేపయ్యాక, "కోటేశ్వరికి ఇప్పుడు ఇరవయ్యారు గదా" అన్నాడు.

"ఊఁ."

"నీ పోలికేగా. నోటి దురుసు."

"నడక మాత్రం మీ అమ్మది" అంది బుల్లెమ్మ. "మడమలు నేలకు ఆన్చేది కాదు."

"చంటిది ఎట్టా ఉండేదో మరి."

నాలుగేళ్ల పిల్ల పెద్దయితే ఎలా ఉండేదో ఇద్దరికీ తెలియదు. అతను నూలు పళ్లతో కొరికి తెంపాడు. వల ఇంకొంచెం ముందుకు జరిపి, "గట్టిగా పట్టు" అన్నాడు.

వీధిలో నుంచి సత్యవతి గంపతో వెళ్తోంది. ఒక్క క్షణం ఆగినట్టే అనిపించింది. తర్వాత బస్సు రోడ్డు వైపు నడిచిపోయింది. బుల్లెమ్మ ఆమె మలుపు తిరిగేదాకా చూసి, వల కొస రెండు చేతులతో బిగించి పట్టుకుంది.